మెడలో సిరలు, బేగంపేటలో దోమలు

2010 వేసవిలో మా పెదనాన్న నన్ను మారేడ్‌పల్లిలో వాళ్ళింటికి పిలిచి, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఒక వీడియో చూపించారు. టొరంటోలో ఉండే మా బంధువు ఎవరో పంపిన లింకు. కెనడా టీవీలో అంతకు ముందు నవంబరులో వచ్చిన కార్యక్రమం. ఇటలీలో ఒక డాక్టరు మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగుల మెడ సిరల్లోకి బెలూన్ పంపి వెడల్పు చేస్తున్నాడు, వాళ్ళు తేరుకుంటున్నారు. ఆ చికిత్సకి అప్పటికే పెట్టిన పేరు 'లిబరేషన్'. పక్కగదిలో అక్క, అంటే ఆయన కూతురు, కాళ్ళు చాపుకుని పడుకుని ఉంది. మూడేళ్ళ క్రితం ఒక కంటిచూపు మసకబారింది. తర్వాత నడుం కింద తిమ్మిరి. ఆ తర్వాత ఎం.ఆర్.ఐ., ఆ పేరు. అప్పటికి తనకి ముప్ఫై నిండలేదు.

"నువ్వు ఇంజనీరింగ్ చదువుతున్నావ్ కదరా. ఈ కాగితాలేవో చదివి నాకర్థమయ్యేట్టు చెప్పు" అన్నారు పెదనాన్న. రైల్ నిలయంలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. పక్కన నోటు పుస్తకంలో విమానం టికెట్లు, ఆసుపత్రి ఖర్చు, పి.ఎఫ్.లో మిగిలింది, నాగారంలో ప్లాటు అమ్మితే వచ్చేది, అన్నీ వరుసగా రాసి ఉన్నాయి.

నేను చదివాను. గంటలో నమ్మేశాను. అందరిలాగే తర్వాత సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చిపడ్డాను గానీ, నేను చదివింది మెకానికల్. పైపు సన్నబడితే వెనక ఒత్తిడి పెరుగుతుంది, ప్రవాహం వెనక్కి తన్నుతుంది, పైపు వెడల్పు చేస్తే సర్దుకుంటుంది. ఇందులో నమ్మకపోవడానికి ఏముంది? పెదనాన్నకి అలాగే చెప్పాను. ఆ మాట ఎందుకు తప్పో తెలుసుకోడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఈ వ్యాసం దాని గురించే.

ముందు జబ్బు సంగతి. మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల చుట్టూ మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది, కరెంటు తీగకి ప్లాస్టిక్ తొడుగులాగ. ఎం.ఎస్.లో మన రోగనిరోధక కణాలే దాన్ని కొరికేస్తాయి. కొరికినచోట మచ్చ గట్టిపడుతుంది. మచ్చ ఎక్కడ పడితే ఆ పని దెబ్బతింటుంది: చూపు, నడక, మూత్రం, మాట. ఒకసారి వచ్చి పోతుంది, మళ్ళీ వస్తుంది. రోగికి ఇది పెట్టే పెద్ద హింస ఇదే. ఏ మందు వేసుకున్న తర్వాత తగ్గినా ఆ మందు వల్లే తగ్గిందనిపిస్తుంది.

మచ్చలకీ సిరలకీ సంబంధం ఉందన్న ఆలోచన మాత్రం ఆ ఇటలీ డాక్టరుది కాదు. చాలా పాతది. పారిస్‌లో షార్కో 1868లో ఈ జబ్బుకి స్పష్టమైన రూపం ఇచ్చాడని అందరం చదువుకుంటాం. అంతకు అయిదేళ్ళ ముందే, 1863లో, రిండ్‌ఫ్లైష్ అనే జర్మన్ వైద్యుడు మైక్రోస్కోపు కింద మచ్చల్ని చూస్తూ ఒక విషయం గమనించాడు. మచ్చ నడుమ ఒక చిన్న రక్తనాళం ఉంటోంది. 1930లలో అమెరికాలో ట్రేసీ పుట్నమ్ కుక్కల మెదడులో చిన్న సిరల్ని మూసేసి ఎం.ఎస్.ని పోలిన మచ్చలు పుట్టించాడు. ఈయన ఆషామాషీ మనిషి కాదు. ఈనాటికీ ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ పనిచేస్తుందని 1938లో మెరిట్‌తో కలిసి లోకానికి చెప్పింది ఆయనే. సిరల్లో రక్తం గడ్డకట్టడం వల్లే జబ్బు అయితే గడ్డకట్టకుండా మందిస్తే సరిపోవాలి కదా అని, 1940లలో ఎం.ఎస్. రోగులకి డైకుమరాల్ ఇచ్చి చూశారు. అది నిలబడలేదు. తర్వాత రోగనిరోధక సిద్ధాంతం బలపడి, సిరలు వెనకబెంచీకి వెళ్ళిపోయాయి.

వాటిని ముందుకి తెచ్చినవాడు ఫెర్రారా విశ్వవిద్యాలయం సర్జన్ పావ్లో జంబోనీ. కాళ్ళ సిరల జబ్బుల్లో ఆయనది మంచి పేరు. కాళ్ళలో రక్తం పైకెక్కలేక నిలిచిపోతే మడమ దగ్గర చర్మం నల్లబడుతుంది, ఇనుము పేరుకుంటుంది, పుండు పడుతుంది. ఆయన భార్యకి ఎం.ఎస్. వచ్చింది. కాళ్ళలో జరిగేదే మెదడులోనూ జరుగుతోందేమో అనుకున్నాడు. ఇంట్లో మనిషికి జబ్బు వస్తే తనకి తెలిసిన పనిముట్టుతోనే వెతుకుతాడు ఎవరైనా. మా పెదనాన్న నోటుపుస్తకంలో లెక్కలు వేసినట్టే. ఈ మనిషిని వెక్కిరించాలని నాకెప్పుడూ అనిపించలేదు.

2009లో ఆయన పేపరు వచ్చింది. 65 మంది ఎం.ఎస్. రోగులు, పోల్చడానికి 235 మంది ఇతరులు. మెడలో రెండు పక్కలా దిగే జుగులార్ సిరల్నీ, మెదడు లోపలి సిరల్నీ అల్ట్రాసౌండ్‌తో చూడటానికి అయిదు కొలమానాలు పెట్టుకున్నాడు. వాటిలో రెండు తప్పితే సిరల లోపం ఉన్నట్టు లెక్క. ఫలితం: రోగులందరిలోనూ లోపం ఉంది, మిగతావాళ్ళలో ఒక్కరికీ లేదు. నూటికి నూరు, రెండువైపులా. ఇప్పుడైతే ఆ అంకె చూడగానే కుర్చీలో సర్దుకుని కూర్చుంటాను. మా పనిలో టెస్టులన్నీ మొదటిసారే పాసైతే కోడ్‌ని మెచ్చుకోం, టెస్టుల్ని అనుమానిస్తాం. 2010లో నాకా బుద్ధి లేదు. పెదనాన్నకి "వంద శాతం" అని గొప్పగా చెప్పాను.

అదే ఏడాది చివర రెండో పేపరు. ఈసారి 65 మంది రోగులకి బెలూన్ చికిత్స చేశారు. ఉత్తుత్తి చికిత్స చేసి పోల్చి చూసిన గుంపు లేదు. తెరిచిన జుగులార్ సిరల్లో దాదాపు సగం మళ్ళీ మూసుకున్నాయని అందులోనే రాసి ఉంది. టీవీ ఆ వాక్యం దగ్గర ఆగలేదు. మేమూ ఆగలేదు.

తర్వాత రెండేళ్ళు జరిగింది చూస్తే వైద్య చరిత్రలో అటువంటిది తక్కువ. ఎం.ఎస్. బాగా ఎక్కువగా ఉన్న దేశాల్లో కెనడా ఒకటి. అక్కడ రోగులు ఫేస్‌బుక్ గ్రూపుల్లో కలిసి డాక్టర్ల మీద, ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చారు. వినకపోయేసరికి పోలండ్, బల్గేరియా, మెక్సికో, కోస్టా రికాలకి బయల్దేరారు. మన దేశానికీ వచ్చారు. మా ఇంట్లో ఇటలీకి ఎలా వెళ్ళాలా అని లెక్కలు వేస్తున్న రోజుల్లోనే కెనడావాళ్ళు ఇండియాలో ఆసుపత్రుల్ని వెతుక్కుంటున్నారు.

ఇక్కడే అసలు విషయం. సిరల్లోకి కేథటర్ పంపి రంగుమందు వదిలి చిత్రాలు తీసిన డాక్టర్లకి నిజంగానే వింతలు కనిపించాయి. అబద్ధం కాదు. సిరకి అడ్డంగా పొర. తిరగబడ్డ కవాటం. ఒకపక్క జుగులార్ సిర దారంలా సన్నగా. ఒకటి ఉండాల్సినచోట రెండు. మెడలో కండరం నొక్కేసిన సిర. వెన్నుపాము నుంచి రక్తాన్ని తీసుకొచ్చే అజైగస్ సిర, గుండె దగ్గరికి వంపు తిరిగేచోట మెలిక. న్యూయార్క్‌లో సాల్వటోర్ స్క్లఫానీ వంటి రేడియాలజిస్టులు సిర లోపలికే అల్ట్రాసౌండ్ పరికరం పంపి, మామూలు ఎక్స్‌రేలో దొరకని అడ్డంకుల్ని కూడా పట్టుకున్నారు. చికిత్సకి వచ్చిన రోగి తర్వాత రోగి, అందరిలోనూ ఏదో ఒక తేడా. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అవే చూస్తూ కూర్చున్న మనిషి ఏమనుకుంటాడు?

కానీ వాళ్ళు చూస్తున్నవి ఎం.ఎస్. రోగుల మెడలే. ఏ జబ్బూ లేనివాడి మెడ సిరలోకి కేథటర్ ఎవరు పంపుతారు? ధమనులు ఎక్కువమందిలో ఒక పద్ధతిలో ఉంటాయి. సిరలు ఆ పద్ధతి పాటించవు. వాన నీళ్ళలా ఎటు వీలైతే అటు దారి చేసుకుంటాయి. ఎడమ జుగులార్ కుడిదానికన్నా సన్నగా ఉండటం చాలామందిలో మామూలే. పడుకున్నప్పుడు మెదడులోని రక్తం జుగులార్ సిరల్లోంచి దిగుతుంది. నిలబడితే అవి ముడుచుకుపోతాయి, రక్తం వెన్నెముక చుట్టూ ఉన్న సిరల్లోంచి దారి తీసుకుంటుంది. తల తిప్పితే మారుతుంది, గట్టిగా ఊపిరి పీలిస్తే మారుతుంది, నీళ్ళు తాగకపోతే మారుతుంది. టెక్నీషియన్ ప్రోబ్‌ని కాస్త గట్టిగా ఒత్తినా సిర నొక్కుకుపోతుంది. మెడ కేన్సర్ ఆపరేషన్లలో జుగులార్ సిరని తీసేయడం ఉంది. అలా తీసేసిన వాళ్ళకి ఎం.ఎస్. రాదు. నాలుగేళ్ళ క్రితం థైరాయిడ్ స్కాన్‌కి వెళ్తే ఆ డాక్టరమ్మ "మీ ఎడమవైపు సిర బాగా సన్నగా ఉందండీ" అని, నా మొహం చూసి "ఏం పర్లేదు, ఉంటాయిలా" అని జెల్ తుడుచుకోమని టిష్యూ ఇచ్చింది.

2010లోనే బెర్లిన్ వాళ్ళు 56 మంది రోగుల్ని జంబోనీ కొలమానాలతోనే చూశారు. ఒక్కరికీ లోపం తేలలేదు. ఫెర్రారాలో నూరు, బెర్లిన్‌లో సున్నా. 2011లో అమెరికాలోని బఫెలో నుంచి వచ్చిన అంకె మధ్యలో ఉంది: రోగుల్లో 56 శాతం, ఆరోగ్యవంతుల్లో 23 శాతం. ఒకే కొలబద్దతో ముగ్గురు కొలిస్తే మూడు పొడవులు వచ్చాయంటే, తేడా గుడ్డలో ఉందా, కొలబద్దలో ఉందా?

ఈలోగా జనం నష్టపోయారు. సిర గోడ మెత్తన, గుండె వైపు పోయేకొద్దీ వెడల్పు. ధమనిలో పెట్టే స్టెంట్‌ని అందులో పెడితే జారి గుండెలోకి పోవచ్చు. అమెరికాలో ఒక రోగికి అలాగే జరిగి గుండె ఆపరేషన్ చేయాల్సొచ్చింది. మరొకరు రక్తం పలచబడే మందులు వాడుతూ మెదడులో రక్తస్రావంతో పోయారు. కోస్టా రికాలో స్టెంట్ పెట్టించుకున్న కెనడా మనిషి అందులో రక్తం గడ్డకట్టి 2010లో చనిపోయాడు. 2012 మే నెలలో అమెరికా ఎఫ్.డి.ఏ. హెచ్చరిక జారీ చేసింది.

వాంకూవర్‌లో ఆంథొనీ ట్రబుల్సీ బృందం చేసిన పని నాకు వీటన్నిటికన్నా గొప్పగా కనిపిస్తుంది. ఆరోగ్యవంతుల మెడలో కూడా కేథటర్ పెట్టి చూశారు. 79 మంది రోగులు, వాళ్ళ తోబుట్టువులు 55 మంది, ఏ సంబంధమూ లేనివాళ్ళు 43 మంది. లాన్సెట్‌లో 2013లో వచ్చింది. సిర సగానికి పైగా సన్నబడటం రోగుల్లో 74 శాతం, తోబుట్టువుల్లో 66, ఇతరుల్లో 70. అంతే. ఆ 'అసాధారణ' సిరలు పదిమందిలో ఏడుగురివి. మీవీ కావచ్చు, నాది ఎలాగూ అదే. ఏ జబ్బూ లేకుండా, తమకి ఏ లాభమూ లేకుండా, అన్నదమ్ముడి కోసమో అక్కచెల్లెలి కోసమో ఆ బల్ల మీద పడుకున్న 55 మంది పేర్లు ఎక్కడా ఉండవు.

నేను ఆ పేపరు చదివింది ఆలస్యంగా. అప్పటికి నా ఆఫీసు బేగంపేటలో. పాత విమానాశ్రయం దగ్గర సర్ రోనాల్డ్ రాస్ పేరు మీద ఒక పాత భవనం ఉంది, ఉస్మానియా వాళ్ళది. చిన్నప్పుడు బడిలో 'మలేరియా దోమని మన సికింద్రాబాద్‌లో కనుక్కున్నారు' అని చదివి గర్వపడి మర్చిపోయిన పేరు. ఈ సిరల గొడవ బుర్రలో ఉన్నప్పుడు ఆ కథ మళ్ళీ చదివితే వేరే సంగతి కనిపించింది.

రాస్ 1895లో సికింద్రాబాద్ వచ్చాడు. మలేరియా రోగుల్ని కుట్టిన దోమల్ని కోసి లోపల పరాన్నజీవి కోసం వెతకడం మొదలుపెట్టాడు. బూడిదరంగు దోమలు, చారల దోమలు, దొరికినవన్నీ. ఒక్కదాంట్లోనూ ఏమీ లేదు. మధ్యలో బెంగళూరు కలరా డ్యూటీకి పంపారు, నీలగిరుల వైపు వెళ్ళి తనే మలేరియా తెచ్చుకున్నాడు, 1897లో మళ్ళీ ఇక్కడికి చేరాడు. పంకా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చునేవాడు. చెమటకి మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి. ఆగస్టు 16న హుస్సేన్ ఖాన్ అనే రోగిని రెక్కల మీద మచ్చలున్న కొత్తరకం దోమలచేత కుట్టించాడు. కాటుకి ఒక అణా చొప్పున పది అణాలు ఇచ్చాడు. (ఈరోజు ఏ ఎథిక్స్ కమిటీ ముందూ ఆ పది అణాలు నిలబడవు.) 20వ తేదీన మిగిలిన వాటిలో ఒకదాన్ని కోస్తే కడుపు గోడలో గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రేణువులు. మర్నాడు ఇంకో దోమలోనూ అవే, కాస్త పెద్దవై.

రెండే దోమలు. జంబోనీకి 65 మంది రోగులు, పోలికకి మరో 235 మంది. అంకెల్లో చూస్తే రాస్‌ని నమ్మకూడదు. కానీ రాస్ ఆ కణాల్ని చూడగానే ఇవి వేరే అనగలిగాడు. ఎందుకంటే అప్పటికి ఆయన లెక్కలేనన్ని దోమ కడుపుల్ని చూసి ఉన్నాడు. వృథా అయ్యాయని ఆయనే ఏడ్చిన ఆ రోజులన్నీ, నిజానికి, ఏమీ లేని దోమ కడుపు ఎలా ఉంటుందో నేర్చుకున్న రోజులు. ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఆయన పేపరు పేరు తెలుగులో చెప్పాలంటే 'మలేరియా రక్తం తాగిన రెండు దోమల్లో కనిపించిన కొన్ని విచిత్రమైన రంగు కణాల గురించి'. విచిత్రం అన్నాడు. మలేరియా కారణం కనుక్కున్నాను అని పేరు పెట్టలేదు.

అక్కడితో పని అయిపోలేదని కూడా ఆయనకి తెలుసు. 1898లో కలకత్తాలో మనుషుల మలేరియా రోగులు దొరక్క పక్షుల మలేరియా మీద పడ్డాడు. మూడు పిచ్చుకలు తీసుకున్నాడు. ఒకదాని రక్తంలో పరాన్నజీవి లేదు, ఒకదాంట్లో ఓ మోస్తరుగా ఉంది, ఒకదాంట్లో విపరీతంగా ఉంది. ఒక్కోదాన్ని కుట్టిన దోమల్లో పదేసి కోశాడు. మొదటి పదిలో రంగు కణాలు సున్నా. రెండో పదిలో 292. మూడో పదిలో 1009. ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది ఆ 1009 కాదు. జబ్బు లేని పిచ్చుక. దాన్ని పెట్టకపోయినా ఆయనకి అప్పటికే నమ్మకం కుదిరి ఉంది. అయినా పెట్టాడు. సిరల కథలో ఆ పిచ్చుక రావడానికి నాలుగేళ్ళు పట్టింది, అది వాంకూవర్‌లో కేథటర్ పెట్టించుకున్న మనుషుల రూపంలో వచ్చింది.

సికింద్రాబాద్‌వాణ్ణి కాబట్టి రాస్‌ని పొగుడుతున్నాననుకోకండి. ఇటాలియన్లతో ఆ ఆవిష్కరణ ఎవరిదన్నదాని మీద జీవితాంతం తగువులాడిన మనిషి, పెద్ద మర్యాదస్తుడేం కాదు. మర్యాద విషయానికొస్తే ఇటలీ సర్జన్‌కే నా ఓటు. ఎందుకంటే చివరి ప్రయోగాల్లో ఒకటి జంబోనీయే చేశాడు. 'బ్రేవ్ డ్రీమ్స్' అని పేరు. 115 మంది రోగులు. అందరికీ కేథటర్ పెట్టారు, కొందరికి బెలూన్ ఊదారు, కొందరికి ఊదలేదు. ఎవరికి ఏది జరిగిందో రోగికీ తెలీదు, తర్వాత పరీక్షించే డాక్టరుకీ తెలీదు. ఏడాది తర్వాత నడక, చూపు, చేతిపని వంటివి కలిపి చూస్తే బెలూన్ ఊదినవాళ్ళలో 41.7 శాతం మెరుగయ్యారు. ఊదనివాళ్ళలో 48.7 శాతం. 2017లో ఆ ఫలితాన్ని తన పేరుతోనే ప్రచురించి, ఈ చికిత్సని ఎం.ఎస్. రోగులకి సిఫార్సు చేయలేమని రాశాడు. అదే ఏడాది కెనడాలో 104 మందితో చేసిన ప్రయోగం కూడా అదే చెప్పింది. తన భార్య జబ్బు కోసం మొదలుపెట్టిన ఆలోచనని తన చేతులతోనే మూసేసిన మనిషి గురించి టీవీ కార్యక్రమం ఎవరూ తీయలేదు.

ఆ 48.7 గురించి ఒక్క మాట. ఏమీ చేయని గుంపులో సగంమంది మెరుగయ్యారు. జబ్బు తీరే అంత. వీడియోలో లేచి నడిచిన వాళ్ళు అబద్ధం చెప్పలేదు.

మేం ఇటలీ వెళ్ళలేదు. దానికి కారణం నా తెలివి కాదు. 2010 వానాకాలంలో అక్కకి జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. స్టెరాయిడ్లు, ఆసుపత్రి, ఫిజియోథెరపీ. ప్లాటు డబ్బు వాటికే పోయింది. వెళ్ళలేకపోయామన్న బాధ పెదనాన్నకి చాలా ఏళ్ళు ఉంది. 2017 ఫలితాలు ఆయనకి చెప్పాలనుకున్నాను. ఆయన అప్పటికి లేరు.

అక్క ఇప్పుడు చేతికర్రతో నడుస్తుంది, ఇంటర్ పిల్లలకి ఇంట్లో ఇంగ్లీషు చెబుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఎం.ఎస్.ని చేర్చాక సర్టిఫికెట్ కూడా తీసుకుంది, మూడుసార్లు తిరిగి. ఆరునెలలకోసారి ఇన్‌ఫ్యూజన్. వైద్యశాస్త్రం ఈలోగా వేరేవైపు వెళ్ళింది. అమెరికా సైన్యంలో కోటిమంది రికార్డులు తవ్వి, ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకాక ఎం.ఎస్. వచ్చే ముప్పు 32 రెట్లు పెరుగుతుందని 2022లో చెప్పారు.

కిందటేడు కొత్త ఎం.ఆర్.ఐ. తీయిస్తే నేను తోడు వెళ్ళాను. న్యూరాలజిస్టు కంప్యూటర్ తెర మీద తెల్లమచ్చని పెద్దది చేసి, నడుమ నల్లగా సన్నటి గీత చూపించాడు. "ఇది సిరండి. మచ్చ మధ్యలో ఇలా సిర కనబడితే ఎం.ఎస్.యే అని చెప్పడానికి మాకు సాయపడుతుంది. వేరే కారణాలతో వచ్చే మచ్చల్లో ఇంత తరచుగా ఉండదు" అన్నాడు. 1863లో రిండ్‌ఫ్లైష్ చూసింది అదే. అక్క చాలాసేపు ఆ గీతనే చూసింది. బయటికొచ్చి ఆటో ఎక్కాక, "నాన్న ఉంటే, చూశావా సిరలే అన్నానా అనేవాడు" అని నవ్వింది.